గుంట నిండుతోంది, గడ్డి మాత్రం మొలవడం లేదు

ప్రశ్న: మా ఉమ్మడి మేత భూమి పదెకరాల వాలు నేల. వాన పడితే నీళ్లన్నీ ఎర్రగా కిందికి కొట్టుకుపోతాయి. రెండేళ్ల కిందట అడుగున గుంట తవ్వించాం. అది నిండుతోంది గానీ పైన గడ్డి లేదు. విత్తనం చల్లినా మొలవలేదు. గుంట పెద్దది చేయాలా?

జవాబు: వద్దండీ. ఆ గుంట పశువులు తాగడానికి పనికొస్తుంది. గడ్డికి మాత్రం నీళ్లు వేళ్ల దగ్గరే కావాలి. నీళ్లు ఎర్రగా వస్తున్నాయంటే మీ పైమట్టి కూడా గుంటలోకి చేరుతోందని అర్థం. మీరు చల్లిన విత్తనమూ దాంతోపాటే పోయి ఉంటుంది.

పశువుల తొక్కుడుకీ చినుకుల దెబ్బకీ బీడు నేల మీద గట్టి పొర కడుతుంది. దాని మీద వాన ఇంకదు, జారిపోతుంది. హెక్టారు మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే లక్ష లీటర్లు. అందులో చాలావరకు పోగొట్టుకుంటున్నారు మీరు.

ఆఫ్రికాలోని నైజర్ దేశంలో ఇలాంటి నేలల్లో అర్ధచంద్రాకారపు గుంతలు తీస్తారు. వెడల్పు 4 మీటర్లు, లోతు జానెడు. తవ్విన మట్టిని దిగువ వైపు వంపు గట్టుగా పోస్తారు. కొమ్ములు రెండూ ఎగువకి చూస్తుండాలి. కింది వరుస గుంతలు పై వరుస సందుల్లోకి రావాలి. హెక్టారుకి సుమారు 313 పడతాయి, అంటే ఎకరానికి 125 పైమాటే. పని పైనుంచి మొదలుపెట్టండి.

కొమ్ములు రెండూ ఒకే మట్టంలో ఉన్నాయో లేదో మేస్త్రీలు మట్టం చూసే నీళ్ల ట్యూబుతో చూసుకోండి. మొదట్లో నేను కంటి అంచనాతో పొడవాటి గట్టు వేశాను. మొదటి పెద్దవానకే నీళ్లన్నీ ఒక పల్లంలో చేరి గట్టు తెగింది. అంతకుముందు లేని వాగు ఒకటి పడింది. అది పూడ్చడానికి నాకు రెండేళ్లు పట్టింది.

వానలకి ముందు గుంతలో మట్టి గుల్ల చేసి ఎండని తట్టుకునే మేత గడ్డి అయిన అంజన్ గడ్డి విత్తనం చల్లండి. అది దూదిలా తేలిపోతుంది కాబట్టి తడి మట్టిలో కలిపి చల్లి, పైన పలచగా మట్టి కప్పితే చాలు. లోతుగా పడితే మొలవదు.

ఇక అసలు కష్టం. గడ్డి వేళ్లూని ఒకసారి విత్తనం రాల్చేదాకా అక్కడికి పశువుల్ని రానివ్వకూడదు. ఆకలితో ఉన్న మందని ఆపమనడం నాకూ బాధగానే ఉంటుంది. అందుకే పదెకరాలూ ఒకేసారి వద్దు. ఈ ఏడు మూడెకరాలు మూసి మిగతాది మేతకి వదలండి. విత్తనం రాలాక మూసిన చోట కోసి తెచ్చి వేయొచ్చు. ఎవరి వంతు ఎంతో గుంతలు తవ్వకముందే అందరూ కూర్చుని మాట్లాడుకోండి. ఆ ఒప్పందం కుదరక పాడైన గట్లు చాలా చూశాను.

మంచి వాన పడిన మర్నాడు గుంతలో ఒక ఇనుప చువ్వ, బయట ఒక చువ్వ గుచ్చి చూడండి. చువ్వ ఎంత దిగితే తడి అంత లోతుకి ఇంకినట్టు. ఏది ఎంత దిగిందో నాకూ రాయండి.