‘మీ ఊరంటే ప్రాణం’ అని కళాకారులు అనేది నిజమేనా?

వేదికెక్కిన ప్రతివాళ్ళూ "మీ ఊరంటే నాకు ప్రాణం" అంటారు, అది మనసులో మాటేనా అని అడిగారు. ఇరవై ఏళ్ళుగా కచేరీల్లో పక్క వయొలిన్ వాయిస్తున్నాను. నిజమే. కాకపోతే పైకి ఊరి పేరు చెబుతాం గానీ మనసులో మెదిలేది హాలు.

ఒక పాత హాల్లో గాయకురాలు తోడి రాగం ఆలాపన ముగించి నాకు వదిలింది. పైన ఏసీ రొద. మామూలు రొదైతే సర్దుకుపోయేదాన్ని, అది మా షడ్జానికి, అంటే కచేరీకి ఆధారమైన 'స' స్వరానికి, వెంట్రుకవాసి కిందుగా మోగుతోంది. తంబూరా ఒకటి చెబుతుంటే అది ఇంకోటి చెబుతోంది. గాంధారం ('గ' స్వరం) దగ్గర గమకం, అంటే ఆ స్వరాన్ని ఊపడం, కుదిరి చావదు. వాయిస్తూ ఎవరిని అడగను? తెర పక్కన కూర్చున్న పెద్దాయన, ఆ హాలు లైట్లూ తలుపులూ చూసుకునే మనిషి, తనంతట తనే లేచి వెళ్ళి స్విచ్చి ఆపేశాడు. కమాను ఎత్తాక కూడా స్వరం వెనక గోడదాకా వెళ్ళి మళ్ళీ నా దగ్గరికి రావడం విన్నాను. జనం చెమటలు తుడుచుకుంటూనే కూర్చున్నారు, ఒక్కరూ లేవలేదు. తర్వాత అడిగితే, "శ్రుతి కలవట్లేదు కదమ్మా" అన్నాడాయన.

ఆ ఊళ్ళో హాలూ రైల్వే స్టేషనూ తప్ప నేనేమీ చూడలేదు.

బోస్టన్‌లో 1900లో తెరిచిన సింఫనీ హాలంటే ప్రపంచమంతా వాద్యకారులు పడిచస్తారు. దాని నాదానికి లెక్కలు కట్టిన భౌతికశాస్త్రవేత్త వాలెస్ సబైన్ అంతకుముందు రాత్రిళ్ళు ఒక థియేటర్ సీట్ల మెత్తలు మోయించి, ఏది ఎంత నాదాన్ని మింగేస్తుందో కొలిచాడు. లండన్ ఆల్బర్ట్ హాలు 1871 నాటిది. దాని ప్రతిధ్వని గోల 1969లో పైకప్పు కింద ఫైబర్‌గ్లాస్ పళ్ళేలు వేలాడదీసేదాకా తగ్గలేదు. ఇంత తెలిసీ ఇప్పటి ఆడిటోరియాలు తివాచీలతో, మెత్తటి గోడలతో కడుతున్నారు. స్వరం అక్కడికక్కడే చచ్చిపోతుంది. ఆపైన మైకువాళ్ళు ఎకో కలుపుతారు. నా వాద్యం నాకే రేకు డబ్బాలా వినిపిస్తుంటే అప్పటికప్పుడు అల్లుకునే మనోధర్మం ఏం వస్తుంది? కళాకారులకు ఉత్సాహం తగ్గిందని రాసేవాళ్ళు ముందు ఇది వినాలి.

ఈమధ్య ఆ ఊరివాళ్ళే ఫోన్ చేసి, ఈసారి కచేరీ కొత్త ఆడిటోరియంలో పెడతామన్నారు. పాత హాల్లో అయితేనే వస్తానన్నాను. సగం మందే పడతారండీ అన్నారు. పడినంతమందికే వాయిస్తానన్నాను.