‘స్పర్శ’ ఎవరిది? ‘తడమడం’ ఎవరిది?

సందేహం: కుక్కల్లో వెన్ను నొప్పి ఎక్కడ పుడుతోందో చేత్తో పట్టి చూసే పద్ధతిపై పశువైద్య విద్యార్థులకు తెలుగులో పాఠం రాస్తున్నాం. ‘స్పర్శ పరీక్ష’ అని రాస్తే, కాలివేలు గిల్లి చూసే పరీక్ష అనుకున్నారు. ‘తడమడం’ మరీ మామూలు మాట అంటున్నారు. ఏది వాడాలి? ‘వెన్నుపాము నొప్పి’, ‘నడుము నొప్పి’ ఒకటేనా?

సమాధానం: మీ విద్యార్థులు పొరపడలేదు. నేటి తెలుగులో ‘స్పర్శ’ రోగికి చెందిన మాట. “కాలికి స్పర్శ లేదు” అంటే ఆ కాలికి ఏమీ తెలియడం లేదని. ఆయుర్వేదం రోగిపరీక్షను దర్శనం, స్పర్శనం, ప్రశ్న అని మూడుగా చెప్పింది. అక్కడి స్పర్శనం వైద్యుడి చేతి పని. నేటి వాడుకలో ‘స్పర్శ’ మాత్రం రోగి అనుభవమైంది.

ఈ తేడా మాటలతో పోయేది కాదు. వేలు గిల్లినప్పుడు కుక్క కాలు వెనక్కి లాక్కుంటే, అది వెన్నుపాము దగ్గరే ముగిసే ప్రతిచర్య కావచ్చు. తల తిప్పి చూస్తేనో, మూలిగితేనో, కరవబోతేనో నొప్పి మెదడు దాకా చేరినట్టు. ఇక్కడ “నొప్పి ఉంది” అని రాస్తే రెండర్థాలు వస్తాయి. పక్షవాతం వచ్చిన కుక్కకు “నొప్పి తెలుస్తోంది” అంటే ఊరట కలిగించే మాట. “నొప్పిగా ఉంది” అంటే చికిత్స కావాల్సిన బాధ. పాఠంలో ఈ రెండింటినీ ఎక్కడా కలపకండి.

‘తడుము’ విషయానికి వస్తే, ఆ మాట మామూలుది కావడమే దాని బలం. కంటికి కనపడనిదాన్ని చేత్తో వెతకడమే తడమడం. చీకట్లో అగ్గిపెట్టె కోసం తడుముతాం. అయితే ఒక్క మాటతో సరిపెట్టకండి, చేతి పని మారినప్పుడల్లా క్రియ మారాలి. కుక్కను నిలబెట్టి, ముందు వెంట్రుకల వాలున నిమరాలి. అప్పుడు వేడి, వాపు, కండరం తగ్గుదల తెలుస్తాయి. తరువాత వెన్ను ముళ్లకు రెండు పక్కలా బొటనవేలు, చూపుడువేలు ఆన్చి తడమాలి. ఆ తరువాతే నొక్కాలి, అదీ మెల్లగా మొదలుపెట్టి పూసపూసకూ బలం పెంచుతూ. అనుమానమున్న చోటికి చివర్లో వెళ్లాలి. ముందే అక్కడ నొక్కితే కుక్క బెదిరి ఆపైన ఎక్కడ ముట్టుకున్నా బిగుసుకుంటుంది. రెండో చెయ్యి పొట్ట కింద ఉంచితే, నొక్కిన క్షణాన పొట్ట బిగియడం అరుపుకన్నా ముందే తెలుస్తుంది. ‘ఒత్తడం’ మాత్రం వద్దు, కాళ్లొత్తడంలా ఉపచారం అనిపిస్తుంది.

నొక్కినప్పుడు చర్మం అదిరితే అది నొప్పి కాదు. ఈగ వాలితే ఆవు చర్మం అదిరినట్టు, అది సహజం. ‘చర్మం అదిరింది’, ‘కండరం బిగిసింది’ అని వేర్వేరుగా రాయండి. ఒకసారి ఉలిక్కిపడటాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. కాసేపాగి నొక్కినా అదే చోట అదే తీరు కనిపిస్తే అప్పుడు “నొప్పి ఉన్నట్టుంది” అనాలి. తాను చెప్పలేని ప్రాణి గురించి ‘ఉన్నట్టుంది’ అనడమే నిజాయితీ.

మెడ దగ్గర ‘వంచు’, ‘ఎత్తు’, ‘తిప్పు’ మూడూ వేరు పనులు. ముందు నొక్కి చూడాలి. తినే ముక్క చూపి కుక్క తనంతట తానే మెడ తిప్పేలా చేయడం మంచిది. ఎముక విరిగిందనో, చిన్నజాతి కుక్కలో మొదటి రెండు మెడపూసల కీలు వదులైందనో అనుమానముంటే మెడను వంచనే కూడదు.

‘వెన్నుపాము నొప్పి’ పూర్తిగా తీసేయండి. వెన్నుపాముకు తనదంటూ నొప్పి లేదు. దాని పొరలు, నరాల మొదళ్లు, పూసల మధ్య బిళ్ల అంచు, కీళ్లు, కండరాలు నొస్తాయి. ‘వెన్ను నొప్పి’ చాలు. ‘వీపు’ పైభాగం, ‘వెన్ను’ లోపలి ఎముకల వరుస. ‘నడుము’ను 13వ పక్కటెముక వెనకనుంచి తుంటి దాకా ఉన్న 7 పూసలకే పరిమితం చేయండి. పొడవాటి ఒళ్లు, పొట్టి కాళ్లుండే డాక్స్‌హండ్‌ జాతి కుక్కలో బిళ్ల జారడం ఎక్కువగా ఛాతీ, నడుము కలిసే చోట. దాన్ని ‘నడుము’ అంటే విద్యార్థి చెయ్యి ఆ చోటు దాటి తోక వైపు పోతుంది. ‘నడుం పడిపోయింది’ అన్న వాడుకైతే కాళ్లలో సత్తువ పోయిందనే చెబుతుంది, నొప్పిని కాదు.

నడుము చివర, త్రికం (నడుముకూ తోకకూ మధ్య ఉన్న ఎముక) మొదలయ్యే చోట నొక్కేటప్పుడు వెనక కాళ్లను వెనక్కి చాపకండి. చాపితే తుంటికీలు నొప్పీ కలిసిపోతుంది. తొడల కింద చెయ్యిపెట్టి బరువు కాస్త ఎత్తి నొక్కాలి. అలాగే వీపు గూనిగా పెట్టి నడిచే కుక్కకు ముందు పొట్టను విడిగా తడమాలి. కడుపునొప్పిలోనూ అది అలాగే వంగుతుంది. పాఠంలో ఈ వాక్యానికి ‘నొక్కి’ కాదు, ‘తడిమి’ అనే రాయండి.