ఆడకుక్కపిల్లకి ఆపరేషన్ చేయించాలా?

ప్రశ్న: వీధిలో దొరికిన నాటు ఆడకుక్కపిల్లని పెంచుకుంటున్నాం, ఐదో నెల. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించమని డాక్టర్ అంటున్నారు. ఒక్క ఈతైనా ఈననివ్వకుండా కోయిస్తే పాపం అంటారు మా అత్తగారు. నాకేమో టెన్షన్. ఏం చేయమంటారు?
– ఓ పాఠకురాలు, కాకినాడ

జవాబు: చేయించండి. ఒకసారి ఈనితే ఆరోగ్యమన్న మాటకి వైద్యంలో ఆధారం లేదండీ. అసలు భయపడాల్సింది గర్భసంచికి చీము పట్టడం గురించి, ఆపరేషన్ చేయించని ఆడకుక్కల్లో వయసు పైబడ్డాక ఇది చాలా మామూలు, ఎద అయిన కొన్ని వారాలకి నీళ్లు తెగ తాగుతూ, తిండి మానేసి నీరసపడితే అప్పటికప్పుడు ఆపరేషన్ చేయాల్సి వస్తుంది, ప్రాణమూ పోవచ్చు. మొదటి ఎదకి ముందే చేయిస్తే రొమ్ము గడ్డల ముప్పు కూడా బాగా తగ్గుతుంది.

మీ నాటుపిల్లకి ఆరో నెల సరిపోతుంది. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటి పెద్ద జాతులైతే కీళ్లు, ఎముకలు ఎదగాలి కాబట్టి ఏడాది దాటాకే మంచిదని చాలామంది డాక్టర్లు అంటారు. ఈలోపు ఎదకొస్తే మాత్రం ఆగండి, అప్పుడు రక్తస్రావం ఎక్కువ, రెండుమూడు నెలలు పోయాక చేయించొచ్చు.

ఇబ్బందులు లేవని కాదు. ఒళ్లు వస్తుంది, తిండి కొలిచి పెట్టాలి (అత్తగారి చేతి పెరుగన్నంతో సహా). కొన్నింటికి పెద్దయ్యాక మూత్రం కారుతుంది, మందులున్నాయి. కుట్లు నాకకుండా 10–14 రోజులు మెడకి గరాటులాంటి కాలర్ ఉంచండి, అన్నాళ్లూ స్నానం వద్దు.