బొమ్మ చూపించాక కాసేపు మాట్లాడకు

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

మీ స్కూల్లో ఐఎఫ్‌పీ ప్యానెల్ (వేలితో తాకి నడిపే పెద్ద డిజిటల్ తెర) పెట్టారనీ, సోషల్ పాఠాలకు ఇన్ఫోగ్రాఫిక్స్, అంటే సమాచారాన్ని, లెక్కలను చూపించే బొమ్మలు, ఎలా వాడాలో చెప్పమనీ రాశావు. నెట్‌లో దొరికే రంగురంగుల బొమ్మలన్నీ డౌన్‌లోడ్ చేసుకోకు. చాలావాటిలో అంకెలు కుక్కేసి ఉంటాయి, వెనక బెంచీ పిల్లలకు కనిపించవు. పీరియడ్‌కి ఒక్క బొమ్మ, అందులో ఒక్క విషయం చాలు.

తెర మీదకు బొమ్మ రాగానే మనం వివరించడం మొదలుపెడతాం. దాంతో పిల్లలు చూడడం మానేసి మన మాటలు వింటారు. రెండు నిమిషాలు ఓపిక పట్టు. ఏం కనిపిస్తోందో వాళ్లనే చెప్పనీ.

దీనికి జాన్ స్నో అనే ఇంగ్లీషు డాక్టరు గీసిన మ్యాపును మించింది నేను చూడలేదు. 1854లో లండన్‌లోని సోహోలో కలరా వచ్చినప్పుడు, ఏ ఇంట్లో ఎంతమంది చనిపోయారో ఆ డాక్టరు మ్యాపు మీద చిన్న నల్లగీతలతో గుర్తించాడు. నువ్వు అందులో బోరింగుల గుర్తుల మీద తెల్లకాగితం అంటించి జిరాక్స్ తీయించు, ఇద్దరికొకటి చొప్పున ఇవ్వు. "ఆ డాక్టరు మీరే అయితే ముందు ఏ వీధికి వెళ్తారు?" అని అడుగు. గీతలు గుంపుగా ఉన్నచోట వేలు పెడతారు. అప్పుడు ప్యానెల్ మీద పూర్తి మ్యాపు చూపిస్తే, సరిగ్గా అక్కడే బ్రాడ్ స్ట్రీట్ బోరింగు ఉంటుంది. కలరా ఆ నీళ్ల వల్లే వస్తోందని ఆ బోరింగు హ్యాండిల్ తీసేయించారని చెప్పి అక్కడితో ఆగిపోకు. పక్కనే ఉన్న బీరు ఫ్యాక్టరీ దగ్గర గీతలు ఎందుకు లేవో అడుగు. పనివాళ్లకు బీరు ఇచ్చేవారు, లోపల సొంత బావి కూడా ఉండేది. ఈ సంగతి నువ్వు చెప్పేలోపే క్లాసులో ఎవరో ఒకరు "వాళ్లు ఆ నీళ్లు తాగలేదేమో టీచర్" అంటారు చూడు. నా దృష్టిలో పాఠం అప్పుడే మొదలైనట్టు.

బొమ్మను అనుమానించడం కూడా నేర్పాలి. 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత సుమారు 67 శాతం, దేశానిది 73. బోర్డు మీద ఈ రెండు బార్లనూ ఒకసారి సున్నా నుంచి, ఒకసారి 60 నుంచి గియ్యి. రెండోసారి మన రాష్ట్రం బారు దేశం బారులో సగానికి కాస్త ఎక్కువ ఉంటుంది, అంతే. అంకెలు అవే కదా, మరి ఏం మారిందో పట్టుకోమను. ఎన్నికలప్పుడు టీవీలో చూపించే గ్రాఫులను ఆ తర్వాత వాళ్లు ఊరికే నమ్మరు.

చివరికి వాళ్ల చేతే ఒకటి చేయించు. ఎవరెవరు బడికి నడిచి వస్తున్నారు, ఎవరు సైకిల్ మీద, ఎవరు ఆటోలో అన్న లెక్క చాలు. బొమ్మ అందంగా గీసినవాళ్లకే మార్కులు పోకుండా చూడు. శీర్షిక, కొలత, లెక్క ఎక్కడిదన్న వివరం ఉన్నాయా లేదా అన్నదే చూడాలి. ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కన వేయించకు, ఆ రెండింటికీ తేడా తెలియని పిల్లలు, ముఖ్యంగా మగపిల్లలు, క్లాసులో ఉండొచ్చు.

మ్యాపు పాఠం అయ్యాక పిల్లలు ఏమేం అడిగారో నాకు రాయి.

మీ మాస్టారు