తాతగారి క్రోనోగ్రాఫ్‌కు కొత్త రంగు వేయించవచ్చా?

ప్రశ్న: మా తాతగారి 1960ల నాటి క్రోనోగ్రాఫ్ (స్టాప్‌వాచ్‌లా కూడా పనిచేసే) వాచీ నాకు దక్కింది. డయల్ వెలిసిపోయింది, కేసు నిండా గీతలున్నాయి. సున్నాకు చేర్చే బటన్ నొక్కితే స్టాప్‌వాచ్ సెకన్ల ముల్లు సున్నాకు కాస్త అవతల ఆగుతోంది. డయల్‌కు రంగు వేయించి, కేసుకు పాలిష్ పట్టించవచ్చా?

జవాబు: ముల్లును తప్పక బాగుచేయించండి, డయల్ జోలికి మాత్రం వెళ్లకండి. మీరు బటన్ నొక్కినప్పుడు సుత్తి వంటి చిన్న మీట, ముల్లు ఇరుసుకు బిగించిన హృదయాకారపు బిళ్లపై పడి, అది ఎక్కడున్నా సరే తిప్పి సున్నాకు చేరుస్తుంది. ముల్లు ప్రతిసారీ ఒకే చోట ఆగుతుంటే అది ఇరుసుపై కాస్త పక్కకు తిరిగిందని అనుకోవచ్చు. ఊడదీసి సరిగా అమర్చితే చాలు. ఒక్కోసారి ఒక్కోచోట ఆగుతుంటే ముల్లు పట్టు వదులైందేమో, సుత్తి అరిగిందేమో విప్పి చూడాలి. అంతవరకు వాచీని నడపకండి, ఎండిపోయిన నూనెతో తిరిగితే ఇరుసులు అరుగుతాయి.

సేకర్తలు వెలిసిన అసలు డయల్‌నే, రంగు వేసిన కొత్తదాని కంటే ఎక్కువగా కోరుకుంటారు. పాలిష్ పట్టిన ప్రతిసారీ లోహం కొంత పోయి, పట్టీ తగిలించే కొమ్ముల పదునైన అంచులు గుండ్రబడతాయి. పోయిన అంచు మళ్లీ రాదు. (నాకైతే ఆ గీతలే అందం.)

అంకెలపై వెలుగు పూత ఉంటే గోకకండి. అది రేడియం కావచ్చు. మెరుపు ఆగిపోయినా, దాని అర్ధాయువు (సగానికి తగ్గేందుకు పట్టే కాలం) సుమారు 1600 ఏళ్లు కాబట్టి రేడియోధార్మికత అలాగే ఉంటుంది. మార్చిన పాత భాగాలను మెకానిక్ దగ్గర వదలకుండా అడిగి తీసుకోండి.