రిఫరీ మీద అర్జీ పెట్టేముందు

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన అర్జీ నిన్న రాత్రే చదివాను. భీమవరం హాస్టల్లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బు లివర్‌పూల్ అభిమానులు ఇంతమంది ఉన్నారని, అందరూ కలిసి సంతకాలు పెట్టారని చూసి చాలా సంతోషమేసింది. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ మన కోనసీమ బళ్ళల్లో పిల్లల చేత బంతి తన్నించినవాణ్ణి, నాకు కాక ఇంకెవరికి ఆనందం? కానీ నీ అర్జీ మొదటి వాక్యమే "ఇంగ్లండ్ రిఫరీలందరూ మా క్లబ్బు మీద కక్షగట్టారు" అని ఉంది. చదివేవాడు అక్కడే కాగితం పక్కన పెట్టేస్తాడురా. కింద నువ్వు రాసిన వాటిలో నిజంగా అడగాల్సినవి ఉన్నాయి. ఆ ఒక్క వాక్యం వల్ల అవన్నీ వృథా అయిపోతాయి.

ఇచ్చిన తీర్పు తప్పు అనడం వేరు, ఇచ్చినవాడికి మన మీద కక్ష ఉంది అనడం వేరు. మొదటిది మ్యాచ్ చూసి చెప్పగలవు. రెండోది ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూసినా మ్యాచ్‌లో దొరకదు. నీ అర్జీ అంతా మొదటిదాన్ని చూపించి రెండోది ఒప్పుకోమంటోంది.

అర్జీలో నువ్వు వేసిన తప్పుడు తీర్పుల పట్టికలో అన్నిటికంటే పైన ఉన్న, మన ఆటగాడు డియాజ్ గోలునే తీసుకో. 2023 సెప్టెంబర్ 30, టోటెన్‌హామ్ మీద మ్యాచ్, స్కోరు 0-0. డియాజ్ బంతిని గోల్లోకి కొట్టాడు, లైన్స్‌మన్ ఆఫ్‌సైడ్ (పాస్ వెళ్ళే క్షణానికి ప్రత్యర్థుల వెనక వరసని దాటి ముందుండడం) అని జెండా ఎత్తాడు. వీడియో చూసి రిఫరీకి సాయపడే వీఏఆర్ గదిలో గీతలు గీసి చూస్తే ఆన్‌సైడే. ఇక్కడిదాకా అంతా సవ్యంగానే జరిగింది. కానీ మైదానంలో గోలు ఇచ్చారని ఆ గదిలో కూర్చున్నాయన అనుకున్నాడు. అందుకని "చెక్ అయిపోయింది" అనేశాడు. ఆయన లెక్కలో గోలు ఖాయమైంది, మైదానంలో రిఫరీ లెక్కలో ఆఫ్‌సైడ్ ఖాయమైంది. ఆట మొదలైపోయింది. పక్కనున్న రీప్లే ఆపరేటర్ గుర్తుపట్టి చెప్పేసరికి ఆలస్యమైంది. ఒకసారి ఆట తిరిగి మొదలైతే అలాంటి తీర్పుని వెనక్కి తీసుకోవడానికి నిబంధన ఒప్పుకోదు. చివరికి 96వ నిమిషంలో సొంత గోలుతో లివర్‌పూల్ 2-1 తేడాతో ఓడింది.

ఇదంతా మనకెలా తెలిసింది? క్లబ్బు ఆడియో అడిగింది, రిఫరీల సంస్థ పీజీఎంఓఎల్ అక్టోబర్ 3న దాన్ని బయటపెట్టింది. నువ్వు విన్నావుగా. కక్ష వినపడిందా నీకు? నాకు కంగారు వినపడింది. జరిగిన తప్పు తెలిసిన క్షణాన ఆ గొంతుల్లో వణుకు వినపడింది. వీడియో పదిసార్లు చూసినా తెలియని సంగతి ఆ రెండు మూడు నిమిషాల ఆడియో తేల్చేసింది. ఆ గదిలో ఉన్న ఇద్దరు అధికారులు రెండు రోజుల ముందే యూఏఈ లీగ్‌లో మ్యాచ్ చేసి వచ్చారన్నది కూడా అప్పుడే అందరి నోళ్ళలో పడింది. అడగాల్సిన ప్రశ్న అది. అంత దూరం నుంచి వచ్చినవాళ్ళకి ఎంత విశ్రాంతి ఇచ్చి ఇంకో పెద్ద మ్యాచ్ అప్పగిస్తున్నారు? బయటి లీగుల్లో డబ్బు తీసుకుని పనిచెయ్యడానికి అనుమతి ఎవరు ఇస్తున్నారు? ఈ ప్రశ్న నీ అర్జీలో లేదు. దాని బదులు ఆ అధికారిని తిట్టిన తిట్లున్నాయి.

"మరి 2024 సంగతేంటి మావయ్యా" అంటావు. తెలుసు. ఆ నవంబర్లో ఒక ప్రీమియర్ లీగ్ రిఫరీ లివర్‌పూల్ని, దాని పాత కోచ్ క్లాప్‌ని నోటికొచ్చినట్టు తిట్టిన వీడియో బయటికొచ్చింది. సంస్థ ముందు సస్పెండ్ చేసింది, డిసెంబర్లో ఉద్యోగంలోంచి తీసేసింది. తీసెయ్యడమే న్యాయం. నీ చేతిలో ఉన్న అన్నిటికంటే బలమైన సాక్ష్యం అదే, దాన్ని అర్జీలో తప్పకుండా ఉంచు. అయితే ఒకటి గమనించు, అది కూడా మైదానం బయటే దొరికింది. పైగా ఆయనకి మన క్లబ్బంటే గిట్టదని అది చూపించిందేగానీ, ఫలానా మ్యాచ్‌లో ఫలానా తీర్పు అందుకే ఇచ్చాడని చూపించలేదు. ఆ గీత దాటకు. దాటకుండా కూడా గట్టిగా అడగొచ్చు: ఇలాంటి ద్వేషం ఉన్న మనిషిని అన్నాళ్ళు మా మ్యాచ్‌లకి ఎలా పంపారు? రిఫరీలు తమ అభిమాన క్లబ్బు ఏదో ముందే చెప్పాలి, ఆ క్లబ్బు మ్యాచ్‌లకి వాళ్ళని వెయ్యరు. మరి గిట్టని క్లబ్బు సంగతి ఎవరు చూస్తున్నారు?

నిజంగా కుట్ర జరిగిన చోట్ల కూడా ఇంతే. ఇటలీలో 2006లో బయటపడిన వ్యవహారంలో యువెంటస్ క్లబ్బు రెండు టైటిళ్ళు పోగొట్టుకుని రెండో డివిజన్‌కి దిగిపోయింది. దాన్ని పట్టించింది ఆఫ్‌సైడ్ గీతలు కాదు, ఏ మ్యాచ్‌కి ఏ రిఫరీని వెయ్యాలో క్లబ్బు పెద్దలు ఫోన్లో మాట్లాడుకున్న మాటలు. జర్మనీలో 2005లో రాబర్ట్ హోయ్‌జర్ అనే రిఫరీ పందేలవాళ్ళ దగ్గర డబ్బు తీసుకుని మ్యాచ్‌లు చెడగొట్టాడని తేలింది, జైలుశిక్ష పడింది. అతని మీద అనుమానంతో పైవాళ్ళకి చెప్పింది తోటి రిఫరీలే. ఆ రెండు దేశాల్లోనూ ప్రతి వారం లక్షలమంది అభిమానులు "అమ్ముడుపోయాడు" అని అరుస్తూనే ఉన్నారు. వాళ్ళ అరుపుల్లో ఏది నిజమో ఆ అరుపులు తేల్చలేకపోయాయి.

ఇక మన కళ్ళ సంగతి. సంక్రాంతికి మన ఊళ్ళల్లో కుర్రాళ్ళు కొబ్బరితోటల పక్క ఖాళీలో ఆడే ఆట గుర్తుందిగా? రెండు సరుగుడు బాదులు పాతి పైన కొబ్బరితాడు కడతారు. వల ఉండదు. బంతి తాడుని తగిలీ తగలనట్టు వెళ్తుంది, తాడు ఊగుతుంది. తాడు కిందనుంచి వెళ్ళిందని ఒక ఊరు, పైనుంచి వెళ్ళిందని రెండో ఊరు. ఎవరూ అబద్ధం ఆడట్లేదు. నేను ఈల నోట్లో పెట్టుకుని వాళ్ళ ముఖాలు చూసేవాణ్ణి. ప్రమాణం చెయ్యమంటే అందరూ చేసేస్తారు. ప్రతివాడికీ తను చెప్పినట్టే కనపడింది.

అమెరికాలో 1951లో ప్రిన్స్‌టన్, డార్ట్‌మత్ కాలేజీల మధ్య గొడవగా సాగిన మ్యాచ్ ఒకటి జరిగింది (కోడిగుడ్డు ఆకారం బంతితో ఆడే వాళ్ళ ఫుట్‌బాల్). తర్వాత ఇద్దరు పరిశోధకులు రెండు కాలేజీల విద్యార్థులకీ ఒకే ఫిల్మ్ చూపించి, కనపడిన ఫౌళ్ళు రాయమన్నారు. డార్ట్‌మత్ జట్టు చేసిన ఫౌళ్ళు సొంత విద్యార్థులకి కనపడినవాటికి రెట్టింపు పైగా ప్రిన్స్‌టన్ వాళ్ళకి కనపడ్డాయి. 1954లో అచ్చయిన పరిశోధన ఇది. ఇంకోటి ఉంది, నువ్వు వినాల్సింది. 2002లో ఇంగ్లండ్‌లో 40 మంది రిఫరీలకి ఒక మ్యాచ్‌లోంచి 47 సంఘటనలు చూపించారు, కొందరికి జనం గోలతో, మిగతావాళ్ళకి శబ్దం లేకుండా. గోల విన్నవాళ్ళు సొంతగడ్డ జట్టు మీద 15.5 శాతం తక్కువ ఫౌళ్ళు ఇచ్చారు. ఆ మ్యాచ్ ఏదో తెలుసా? ఆన్‌ఫీల్డ్‌లో లివర్‌పూల్, లెస్టర్ సిటీ ఆడింది. కోవిడ్ రోజుల్లో గ్యాలరీలు ఖాళీగా ఉన్నప్పుడు కూడా సొంతగడ్డ లాభం తగ్గిందని, వచ్చిన జట్టుకి ఎక్కువ పడే పసుపు కార్డుల తేడా తగ్గిందని తేలింది.

కాబట్టి పక్షపాతమే లేదని నేను అనట్లేదు, అలా అనేవాళ్ళని నమ్మకు. రిఫరీకే తెలియకుండా, ఏ దురుద్దేశమూ లేకుండా మొగ్గు ఉంటుంది. కానీ ఆన్‌ఫీల్డ్‌లో అది మన వైపు మొగ్గుతుంది. అలా మనకి కలిసొచ్చిన తీర్పు ఒక్కటీ నీ పట్టికలో లేదు.

పట్టిక మళ్ళీ మొదట్నుంచి రాయి. సీజన్ మొదలవ్వకముందే ఏవి లెక్కపెట్టాలో ఖాయం చేసుకో: వీఏఆర్ చూసే వీలున్న గోల్స్, పెనాల్టీలు, నేరుగా ఇచ్చే ఎర్ర కార్డులు. మనకి వచ్చినవి, మనకి పోయినవి, రెండూ. మీ హాస్టల్లోనే మాంచెస్టర్ యునైటెడ్ కుర్రాడు ఉంటాడు కదా, వాడి చేత వేరే కాగితం మీద అదే మ్యాచ్‌కి రాయించు. మీ ఇద్దరి కాగితాలూ కలిసిన చోట్లే నీ అర్జీలోకి తీసుకో. తక్కువే మిగులుతాయి. మిగిలినవాటిని ఎవరూ కాదనలేరు.

స్లో మోషన్‌తో జాగ్రత్త. బంతి చేతికి ఎక్కడ తగిలింది, కాలు గీత దాటిందా లేదా అన్నవి నెమ్మదిగా చూడు. ఎంత గట్టిగా గుద్దాడు అన్నది మాత్రం మామూలు వేగంలోనే చూడాలి. వీఏఆర్ నియమావళిలో కూడా ఇలాగే ఉంది. నెమ్మదిగా తిప్పితే ప్రతి ట్యాకిలూ హత్యాయత్నంలా కనపడుతుంది. గీత గీసిన ఆఫ్‌సైడ్ బొమ్మల్ని కూడా గుడ్డిగా నమ్మకు. మామూలు ప్రసార కెమెరా సెకనుకి 50 బొమ్మలు తీస్తుంది. సెకనుకి 8 మీటర్లు పరిగెత్తేవాడు ఒక బొమ్మకీ ఇంకో బొమ్మకీ మధ్య 16 సెంటీమీటర్లు జరిగిపోతాడు. పాస్ ఏ బొమ్మలో వెళ్ళిందన్నదే తేలనప్పుడు చంక వెంట్రుకవాసి ముందుందా వెనకుందా అని రాత్రంతా కొట్టుకోవడం అనవసరం. ఈ బాధ తగ్గించడానికే 2025 ఏప్రిల్ నుంచి అక్కడ సెమీ ఆటోమేటెడ్ ఆఫ్‌సైడ్ (కెమెరాలూ కంప్యూటరూ కలిసి గీత తేల్చే పద్ధతి) తెచ్చారు. అంతకుముందు సీజన్లలో చిన్న తేడాతో పోయినవాటిని నీ పట్టికలోంచి కొట్టెయ్.

"ఫలానా రిఫరీ ఉంటే మేం గెలవం" అన్న పేరా కూడా తీసెయ్. లీగ్‌లో 20 క్లబ్బులు, సుమారు 20 మంది రిఫరీలు అనుకో, 400 జతలు. అన్ని జతల్లో కొన్ని యాదృచ్ఛికంగానే విపరీతంగా కనపడతాయి, ప్రతి క్లబ్బుకీ అలాంటి రిఫరీ ఒకడు దొరుకుతాడు. పైగా పెద్ద మ్యాచ్‌లకి పేరున్న రిఫరీలనే వేస్తారు, పెద్ద మ్యాచ్‌లే ఓడిపోవడం ఎక్కువ.

మీ గదిలో ఉన్న కేరళ కుర్రాణ్ణి 2023 మార్చి 3 గురించి అడుగు. బెంగళూరులో ఎక్స్‌ట్రా టైమ్‌లో బెంగళూరు జట్టు ఆటగాడు ఛేత్రి త్వరగా తన్నిన ఫ్రీకిక్ గోలైంది. కేరళ బ్లాస్టర్స్ వాళ్ళు ఇంకా బంతికి అడ్డంగా గోడలా వరసలో నిలబడుతున్నారు. కేరళ కోచ్ జట్టుని బయటికి పిలిచేశాడు. అక్కడ అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈల వేసేదాకా ఆగమని రిఫరీ చెప్పాడా, లేదా? చెప్తే గోలు చెల్లదు, చెప్పకపోతే చెల్లుతుంది. వాళ్ళు మైదానంలో నిలబడి ఆ ఒక్క ప్రశ్నా అడిగి ఉంటే దేశమంతా దాని గురించే మాట్లాడుకునేది. వెళ్ళిపోయారు గనక అందరూ వెళ్ళిపోవడం గురించే మాట్లాడుకున్నారు. ఫెడరేషన్ క్లబ్బుకి 4 కోట్లు జరిమానా వేసింది, కోచ్‌ని 10 మ్యాచ్‌లు దూరం పెట్టింది.

ఇంకొకటి, దీని మీద నేను రాజీపడను. ఏ రిఫరీ ఇంటి సంగతీ, భార్యాపిల్లల సంగతీ మీ గుంపులో ఎవరూ ఎత్తకూడదు. ఎత్తినవాణ్ణి బయటికి పంపు, వాడు ఎంత దగ్గర స్నేహితుడైనా సరే. మన పక్కే డిగ్రీ చదివే పిల్లాడొకడు జెండా పట్టుకుని లైన్ మీద చక్కగా నిలబడేవాడు, బంతితో పాటు కదిలేవాడు, ఆఫ్‌సైడ్ గీతలో ఉండడం వాడికి ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. ఒక టోర్నమెంటులో ఓడిన ఊరి జనం వాణ్ణి బస్సు దాకా వెంటబడి అమ్మానాన్నల్ని తిట్టారు. తర్వాత ఎంత పిలిచినా రాలేదు. మంచి రిఫరీలు లేరని ఏడ్చేవాళ్ళలో ఆ తిట్టినవాళ్ళూ ఉన్నారు.

ఇప్పుడు నీ అర్జీ ఇలా మార్చు. కక్ష అన్న మాట ఎక్కడా వద్దు, రిఫరీల పేర్లూ వద్దు. డియాజ్ గోలు ఆడియో బయటపెట్టినట్టు, వీఏఆర్ జోక్యం చేసుకున్న ప్రతి మ్యాచ్ ఆడియోనీ వారంలోపు బయటపెట్టమని అడుగు. రిఫరీ బయటి లీగ్‌లో పనిచేసి వచ్చాక ఎన్ని గంటల విశ్రాంతి తప్పనిసరో రాసి ప్రకటించమను. ఏ మ్యాచ్‌కి ఎవర్ని, ఎందుకు వేస్తారో, ఎవర్ని పక్కన పెడతారో ఆ నియమం చెప్పమను. తప్పు జరిగిందని ఒప్పుకున్నప్పుడు ఆ తర్వాత ఏం మార్చారో కూడా చెప్పమను. ఈ నాలుగూ లివర్‌పూల్ వాడికే కాదు, టోటెన్‌హామ్ వాడికీ కావాల్సినవే. అందుకని ఆ యునైటెడ్ కుర్రాడి సంతకం కూడా తీసుకో. వాడు పెట్టనంటే ఏ వాక్యం దగ్గర ఆగాడో అడిగి, ఆ వాక్యం నాకు రాసి పంపు. ఇద్దరం కూర్చుని దిద్దుదాం.

మీ మావయ్య,
అంబాజీపేట