ఇంధనంలో మిగిలే సొమ్ముతో కారు వాయిదాలు తీరవు

ప్రశ్న: విద్యుత్ కారు ధర నాకు అందుబాటులో లేదు కనుక సీఎన్‌జీ (పీడనంతో నింపిన సహజవాయువు) కారు కొనాలనుకుంటున్నాను. డౌన్ పేమెంటులో సగం అత్యవసర నిధి నుంచి, సగం వ్యక్తిగత రుణంతో సర్దుకుని, కారు రుణాన్ని 7 ఏళ్లకు తీసుకుంటే ఇంధనంలో ఆదా అయ్యే డబ్బుతోనే వాయిదాలు కట్టవచ్చా? నెలకు 800 కిలోమీటర్లు తిరుగుతాను. ఇప్పుడున్న పెట్రోలు కారు లీటరుకు 16 కిలోమీటర్లు ఇస్తోంది, దానిపై అప్పు లేదు. ఇంట్లో సంపాదించేది నేనొక్కడినే.

జవాబు: కట్టలేరు. మీలాగే చాలామంది చేస్తున్న పొరపాటు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. మీ కారు నెలకు తాగేది 50 లీటర్ల పెట్రోలు. సీఎన్‌జీ మీకు పూర్తిగా ఉచితంగా దొరికినా ఆదా అయ్యేది ఆ 50 లీటర్ల ఖరీదుకు మించదు. గ్యాసుకూ ధర ఉంటుంది కాబట్టి నిజంగా చేతికి మిగిలేది అందులో కొంత భాగమే. కొత్త కారు వాయిదాకు, వ్యక్తిగత రుణం వాయిదాకు అది ఏ మూలకు సరిపోతుంది? పైగా రెండు ఇంధనాల ధరల మధ్య తేడా ఎప్పుడూ ఒకేలా ఉండదు. 2022లో ఉక్రెయిన్‌పై రష్యా దాడి తరువాత సహజవాయువు ధరలు ఎంతగా ఎగబాకాయో చూశాం.

ఇక అత్యవసర నిధిని ముట్టుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. ఒక్కరి సంపాదనపై నడిచే ఇంట్లో, ఉద్యోగం పోయినా, ఆసుపత్రి పాలైనా మొదట ఆదుకునేది ఆ నిధే. దాన్ని ఖాళీ చేసి అదే రోజున నెత్తిన రెండు అప్పులు పెట్టుకుంటే, ఆదాయం ఆగిన మొదటి నెలలోనే మూడో అప్పు కోసం వెతుక్కోవలసి వస్తుంది. డౌన్ పేమెంటును కూడా అప్పు తెచ్చి కట్టాల్సి వస్తోందంటే ఆ కారు ప్రస్తుతానికి మీ స్తోమతకు మించినదే. 7 ఏళ్ల రుణంలో తొలి సంవత్సరాల్లో అప్పు అసలు మొత్తం నెమ్మదిగా తగ్గుతుంది, కారు విలువ మాత్రం వేగంగా పడిపోతుంది. ఆ సమయంలో ప్రమాదంలో కారు పూర్తిగా దెబ్బతింటే, సాధారణ బీమా పాలసీ కారుకు పాలసీలో నిర్ణయించిన విలువ మేరకే పరిహారం ఇస్తుంది. బాకీ అంతకన్నా ఎక్కువుంటే ఆ తేడాను మీరే కట్టాలి.

అందుచేత ఇప్పుడున్న కారునే నడపండి. వాయిదాకు అనుకున్న మొత్తాన్ని ప్రతి నెలా విడిగా దాచండి. అలా దాచలేకపోతే వాయిదా కూడా కట్టలేరని అర్థం. అత్యవసర నిధి, రాబోయే కారు వాయిదాతో కలిపి లెక్కించిన ఇంటి ఖర్చులకు కనీసం 6 నెలలు సరిపోయే స్థాయికి చేరాక, పాత కారు అమ్మిన సొమ్మునూ పొదుపునూ డౌన్ పేమెంటుగా కట్టి, 4 ఏళ్లకు మించని రుణంతో సీఎన్‌జీ కారు నిశ్చింతగా కొనుక్కోండి. మీరు రోజూ వెళ్లే దారిలో గ్యాసు బంకు ఉందో లేదో, సిలిండరు పోగా డిక్కీలో మిగిలే చోటు మీ కుటుంబానికి చాలుతుందో లేదో ముందే చూసుకోండి.

ఇంటి దగ్గరే చార్జింగ్ వసతి ఉండి, రోజువారీ ప్రయాణం బాగా పెరిగితే అప్పుడు విద్యుత్ కారు లెక్క మళ్లీ వేసుకోవచ్చు. ఇప్పుడున్న కారుకే గ్యాసు కిట్టు పెట్టించాలనుకుంటే మాత్రం ఆమోదం పొందిన కిట్టునే ఎంచుకుని, ఆ మార్పును రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదు చేయించి, బీమా సంస్థకు రాతపూర్వకంగా తెలియజేయండి, లేకుంటే క్లెయిమును తిరస్కరించే అవకాశం ఉంటుంది.